డబ్బులు తీసుకోండి, కానీ చెప్పి తీసుకోండి

మా నాన్న ప్రత్తిపాడు దగ్గర రెండెకరాల్లో మిర్చి వేస్తాడు. పొద్దున్నే టీ తాగుతూ ఫోన్‌లో మిర్చి రైతుల గ్రూపు తెరుస్తాడు: గుంటూరు యార్డులో తేజ రకం ఎంత పలికింది, బాడిగ రకం ఎంత, ఎన్ని టిక్కీలు (బస్తాలు) దిగాయి. 2021 చివర్లో నల్ల తామర పురుగు పూతంతా తినేస్తుంటే, ఏ మందుకి కాస్త ఆగింది, ఏది కొడితే డబ్బు దండగ అని అర్ధరాత్రి దాకా ఒకరికొకరు వాయిస్ మెసేజులు పెట్టుకున్నారు. ఆ గ్రూపు విలువంతా ఆ మెసేజులే.

పోయినేడు అందులో ఒకాయన "మా చేలో కొట్టాను, మూడు రోజుల్లో ఆకుముడత పోయింది" అని ఒక మందు డబ్బా ఫొటో పెట్టాడు. నాన్న కొన్నాడు. తర్వాత తెలిసింది, ఆయనకసలు చేనే లేదు, ఆ మెసేజ్ పెట్టనిచ్చినందుకు అడ్మిన్ డబ్బు తీసుకున్నాడు. నాన్న గ్రూపు వదల్లేదు గానీ, ఇప్పుడు నిజమైన రైతు చెప్పినా "ఇది కూడా డబ్బులిచ్చి పెట్టించిందేనా?" అంటాడు. నాకు బాధేసింది అక్కడే.

అడ్మిన్ సంపాదించుకోవడం తప్పని అనను. రోజూ ధరలు సేకరించి, గొడవలు సర్ది, చెత్త మెసేజులు తీసేయడం కూడా పనే కదా, దానికి కూలి ఉండాలి. ఆ మందునే "ఇది ప్రకటన" అని పైన రాసి వారానికోసారి పెట్టుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఏడాదికి వంద రూపాయలివ్వండి, ఖర్చు లెక్క ఇదిగో అన్నా నాన్న ఇచ్చేవాడు.

పెద్ద సైట్లలోనూ ఇదే గొడవ. 2002లో స్పానిష్ వికీపీడియాలో ప్రకటనలు రావచ్చన్న మాట వినగానే, ఒక్క ప్రకటన కూడా పడకముందే, రాసేవాళ్లు చాలామంది విడిపోయి సొంత విజ్ఞాన సర్వస్వం పెట్టుకున్నారు. వికీపీడియా ఇవాళ్టికీ ప్రకటనలు లేకుండా ప్రధానంగా విరాళాల మీదే నడుస్తోంది. 2023లో రెడ్డిట్ అనే చర్చల సైట్ తన డేటా వాడుకునే బయటి యాప్‌లు డబ్బు కట్టాలంది. అడగడం సరే, కానీ రెడ్డిట్ చదువుకోడానికి అపోలో అనే యాప్ చేసినాయన లెక్కలో అది ఏడాదికి 2 కోట్ల డాలర్లు, రేటు చెప్పాక ఇచ్చిన గడువు నెల రోజులు. జూన్ 12న రెడ్డిట్‌లోని వేల గ్రూపులు తలుపులు మూసి నిరసన తెలిపాయి, 30న అపోలో ఆగిపోయింది.

మొన్న అడ్మిన్‌కి ఫోన్ చేసి, చందా అడగండి, ధరలు మాత్రం అందరికీ ఉచితంగానే ఉంచండి, మొదటి వంద నేనే పంపుతాను అన్నాను. నాలుగు రోజులు ఆలోచించుకుంటానన్నాడు.