పదకొండో రోజు, మళ్లీ నీళ్లు

నాన్నకు ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కు ఈరోజు 11వ రేడియేషన్. రోజుకు 3 గ్రే చొప్పున 20 రోజులు, మొత్తం 60 గ్రే అని మొదట్లోనే రాసిచ్చారు. గ్రే అంటే కిలో కణజాలానికి ఒక జౌల్ శక్తి అని నేను వెతికి తెలుసుకున్నాను. నాన్న లెక్క వేరు: సగం దాటాం.

లోపలికి వెళ్లిన కాసేపటికే తిరిగి వచ్చారు. మూత్రాశయం చాలినంత నిండలేదట. నీళ్లు తాగి అరగంట ఆగాలి. "ఎంతో కొంత నిండింది కదా, కానివ్వకూడదా?" అన్నాను, కొంచెం విసురుగానే. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోకుండా తెర ముందుకు తీసుకెళ్లింది. చికిత్సకు ముందు ప్రణాళిక కోసం తీసిన స్కాన్ మీద, ఇప్పుడు బల్ల మీద తీసిన స్కాన్‌ను పరిచి ఉంచారు. మూత్రాశయం ఉండాల్సిన గీత లోపల సగమే ఉంది. మిగతా చోటులోకి, అంటే కిరణాలు పడే దారిలోకి, పేగు మడత ఒకటి దిగి కూర్చుంది. నా నోరు మూతపడింది.

ప్రోస్టేట్ కదలకుండా ఒకచోట పడి ఉంటుందనుకునేదాన్ని. వెనక మలాశయంలో గాలి చేరినా చాలు, జరుగుతుందట. చర్మం మీది పచ్చబొట్టు చుక్కలు మనిషి తిన్నగా పడుకున్నాడని చెబుతాయి గానీ, లోపలి సంగతి వాటికేం తెలుసు? అందుకే గ్రంథిలోనే నువ్వుగింజంత బంగారు గుర్తులు మూడు పెట్టారు. "ఒంట్లో బంగారం ఉంది, దొంగలకు చెప్పకండి" అని నాన్న పలకరించిన వాళ్లందరికీ తనే చెబుతున్నారు.

నీళ్లు తాగి కూర్చున్నాక, "ఇంత పెద్ద యంత్రం నా చెంబెడు నీళ్ల కోసం ఆగిందమ్మా" అన్నారు. అందులో కొంత గర్వం కూడా ఉన్నట్టుంది.

రెండోసారి కుదిరింది. బంగారు గుర్తులకు సరిపోయేలా బల్లను కొన్ని మిల్లీమీటర్లు జరిపారట. ఆ తర్వాత కిరణాలు పడింది రెండు మూడు నిమిషాలే. నొప్పి లేదు, వేడి లేదు. వచ్చిన సమయమంతా చూసుకోవడానికీ సరిచేసుకోవడానికీ పోయింది. అది దండగని పొద్దున నేనే అనుకున్నాను.

నాన్న బయటికి వచ్చి నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా నేరుగా మరుగుదొడ్డికి పరుగెత్తారు. రేపటి సీసా మీద పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాసి సంచిలో పెట్టాను.