ఇంట్లోనే ఈత దుస్తులు కుట్టుకోవడం

ఈత దుస్తులు కుట్టడానికి ప్రత్యేకమైన యంత్రాలు కావాలని చాలామంది వెనకాడతారు గానీ, జిగ్‌జాగ్ (అటూ ఇటూ వంకరగా పడే) కుట్టు వేసే మామూలు మిషన్ ఉంటే చాలు. ఒంటికి పట్టినట్టు ఉండాలంటే సుమారు 80 శాతం నైలాన్, 20 శాతం స్పాండెక్స్ (రబ్బరులా సాగే పోగు) కలిసిన బట్ట హాయిగా ఉంటుంది. అయితే కొలనులోని క్లోరిన్ స్పాండెక్స్‌ను క్రమంగా దెబ్బతీస్తుంది కాబట్టి, రోజూ ఈదేవారికి పాలిస్టర్ శాతం ఎక్కువున్న బట్టే మేలు.

తడిసిన బట్ట మరికాస్త సాగుతుంది కనుక, ఒంటి కొలతకన్నా తక్కువగానే కత్తిరించుకోవాలి. సూది విషయంలో మాత్రం రాజీ పడకూడదు: మొన గుండ్రంగా ఉండే 75వ నంబరు స్ట్రెచ్ సూది పోగుల మధ్యనుంచి జారిపోతుంది, మామూలు సూది వాటిని తెంపి మధ్యమధ్య కుట్లు వదిలేస్తుంది. దారం పాలిస్టర్‌దే వాడాలి. తిన్నని కుట్టు వేస్తే, బట్ట లాగగానే ఆ కుట్టు పటుక్కున తెగుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని కాళ్ల అంచులకు ఎలాస్టిక్ పట్టించడం. ముందువైపు దాదాపు లాగకుండా, వెనకవైపు కాస్త బిగించి లాగుతూ, బట్ట లోపలి అంచుకు జిగ్‌జాగ్‌తో కుట్టి, ఆపైన లోపలికి మడిచి మరో వరుస కుట్టాలి. అప్పుడు వెనకభాగం ఈదుతుండగా పైకి జరగదు. లేత రంగు బట్ట తడిస్తే లోపలిది కనబడుతుంది కాబట్టి, దానికి ముందూ వెనకా లైనింగ్ తప్పకుండా వేయాలి.