తిరిగొచ్చిన డబ్బా

పదకొండున్నర దాటింది. అమ్మ పది గంటల మాత్ర వేసుకుని పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు. ఫ్రిజ్జు మీద స్టీలు డబ్బా ఒకటి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

మొన్న ఆదివారం చిత్తూరులో చెల్లెలి ఇంటికి పంపిన డబ్బానే. ఇవాళ సాయంత్రం బావ ఎవరో తెలిసినాయన చేతికిచ్చి పంపాడు. నేను చుట్టిన రబ్బరు బ్యాండు చుట్టినట్టే ఉంది, రెండు మెలికలతో సహా. లోపల చెనిక్కాయ ఉండలు ఇరవై ఒకటి. పంపింది కూడా ఇరవై ఒకటే.

అమ్మకి అక్కి (షింగిల్స్) లేచిన సంగతి పోయినసారి రాశాను కదా. పొక్కులు ఎండుముఖం పట్టాయి, మంట మాత్రం దిగలేదు. వెన్ను దగ్గర్నించి ఎడమ డొక్క దాకా పట్టీ వేసినట్టు ఉంది. జాకెట్టు అంచు తగిలినా "మిరప్పొడి చల్లినట్టుందిరా" అంటుంది. మాత్రలు రోజుకి ఐదుసార్లు. ఆరు, పది, రెండు, ఆరు, పది అని ఫోన్లో అలారం పెట్టాను. ఆ మోత వింటే తిరుమలలో దర్శనం టైం స్లాటు గుర్తొస్తోంది.

అక్కి రాయించారా అని అడిగినవాళ్ళకి జవాబు: రాయించాం. కుమ్మరాయన పొక్కుల మీద జాజుతో, అంటే ఎర్రమట్టితో, సింహం బొమ్మ వేసి పోయాడు. అదే రోజు సాయంత్రం డాక్టరు దగ్గరికీ పోయాం. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. పొక్కులు లేచిన మూడు రోజుల లోపలే మాత్రలు మొదలవ్వాలట, మాకు ఆ గడువు దాటలేదు, అది చాలు. ఎదురింటి పెద్దమ్మ "అక్కి ఒంటి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదు" అని అమ్మ వినేట్టే అనింది. ఆ రాత్రి అమ్మ రెండుసార్లు లేచి అద్దం ముందు నిలబడి కుడిపక్క తడుముకుంది. కలవదమ్మా, ఒక నరం వెంబడే వస్తుంది, ఒక పక్కనే ఆగిపోతుంది అని డాక్టరు చెప్పినా ఆ తడుముకోవడం మానలేదు.

సరే, డబ్బా. అమ్మకి అక్కి అని తెలిసిన రోజే చెల్లెలికి ఫోన్ చేశాను. "అన్నా, మా పాప కడుపుతో ఉంది కదా, ఏడో నెల. కాన్పుకి ఇక్కడే ఉంది. నేను ఇప్పుడు ఆడికి రాలేను. పొక్కులు రాలినాక వస్తా" అనింది. అంతే, రెండు నిమిషాల్లో పెట్టేసింది. చిత్తూరు ఏమన్నా అమెరికానా? డెబ్బై కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కితే అమ్మని చూసి, ఇక్కడే భోంచేసి, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండొచ్చు. నిరుడు ఎవరిదో గృహప్రవేశం అని మదనపల్లె దాకా పోయి రెండు రోజులు ఉండి వచ్చిన మనిషి. అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. మంచం మీద కూర్చుని, వేయించిన చెనిక్కాయలకు పొట్టు తీసి, చేటలో చెరిగి, "పాపకి ఇష్టం, ఉండలు కట్టు" అని మా ఆవిడకి ఇచ్చింది. పాకం పట్టింది, ఉండలు కట్టింది మా ఆవిడ. అవి అట్లే తిరిగొచ్చాయి.

ఇది బయట నుంచి అంటింది కాదు అని డాక్టరు చెప్పారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి వచ్చిన వైరస్సే. మనకి తగ్గిపోయిందనుకుంటాం. అది పోదు, వెన్నుపూస పక్కన నరాల మొదట్లో ముడుచుకుని పడుకుంటుంది. వయసు మీదపడి ఒంట్లో కాపలా సడలినాక లేస్తుంది. ఇంగ్లండులో హోప్-సింప్సన్ అని ఒక మామూలు ఊరి డాక్టరు తన దగ్గరికొచ్చిన కేసులు ఏళ్ళ తరబడి లెక్క రాసుకుని 1965లో ఈ మాట చెప్పాడట. ఆ లెక్కన అమ్మది అరవై ఏళ్ళ నాటి సరుకు. నాది 1986 నాటిది.

1986 అంటే నాకు పదేళ్ళు. మే నెల, మా తిరుపతి గంగమ్మ జాతర. ఆ ఏడు బైరాగి వేషం కట్టిస్తానని అవ్వ మొక్కుకుంది. జాతర చాటింపుకి రెండు రోజుల ముందు జ్వరం, తెల్లారేసరికి పొట్ట మీద నీటి పొక్కులు. పరీక్షల్లో పక్క బెంచీ వాడు పొక్కులతోనే వచ్చి పరీక్ష రాశాడు, రెండు వారాల తర్వాత నాకు బయటపడింది. అవ్వ చూసి చెంపలు వేసుకుని "అమ్మ వచ్చింది" అనింది. వాకిట్లో వేపమండలు కట్టేశారు. ఇంట్లో తాళింపు లేదు, తలకు దువ్వెన లేదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. పెద్దమ్మవారు, అంటే మశూచి, మన దేశంలో 1975లోనే ఆఖరు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. అయినా అవ్వ నమ్మేది కాదు. నా పొక్కులు రోజూ దీపం వెలుగులో చూసి, "చిన్నమ్మే, చిన్నమ్మే" అని తనకి తనే చెప్పుకునేది.

బైరాగి వేషం రోజు నా జతగాళ్ళు నలుగురు ఒంటినిండా నాము (తెల్ల సుద్ద) పూసుకుని మా కిటికీ కిందికి వచ్చారు. జాతరలో బూతులు తిట్టొచ్చు కదా, తిడితే అమ్మవారికి ఆనందం. నేను కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడితే వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇప్పుడు ఇక్కడ రాయలేను. నేనూ లోపల్నించి తిట్టాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత వేపాకు, పసుపు నూరి ఒంటికంతా పూస్తూ "నీ వేషం ఇదేరా ఈ ఏడు" అనింది. అమ్మేమో రాత్రంతా వేపమండతో విసురుతూ కూర్చునేది, గీరుకోనీకుండా. ఎడమ కనుబొమ మీద ఒకటి గీరేశాను, ఆ గుంట ఇప్పటికీ ఉంది.

చెల్లెలికి అప్పుడు ఆరేళ్ళు. అది...

ఇక్కడ టైపు చేస్తూ ఆగిపోయాను. అది ఆ నెల ఇంట్లో లేదు. వేపమండలు కట్టిన పొద్దునే మామయ్య వచ్చి పీలేరుకి ఎత్తుకుపోయాడు. జాతర చూడాలని అది వీధి చివరి దాకా ఏడ్చింది. నాకు మూడో నీళ్ళు పోసి, ఇల్లు కడిగినాకే తిరిగొచ్చింది. ఆ తర్వాత ఎప్పుడన్నా వచ్చిందా దానికి? నాకు గుర్తులేదు. ఇందాక అమ్మని అడిగితే "దానికి పొయ్యలేదురా" అనింది, ఆలోచించకుండా.

అంటే ఆటలమ్మ రానివాళ్ళకి అమ్మ పొక్కుల నీళ్ళు తగిలితే అక్కి రాదు, ఆటలమ్మే వస్తుంది. పెద్దవాళ్ళకి వస్తే పిల్లలకి వచ్చినట్టు తేలిగ్గా పోదు. చెల్లెలు అది పట్టుకుపోయి కడుపుతో ఉన్న పాపకి అంటిస్తే? "ఇంట్లో గర్భిణీలు ఎవరన్నా ఉన్నారా" అని డాక్టరు అడిగింది కూడా అందుకే. లేరు అని నేనే గట్టిగా చెప్పాను. రావద్దని నేను చెప్పాల్సింది. రానని చెల్లెలే చెప్పింది, నేను ఐదు రోజులుగా పళ్ళు నూరుతున్నాను.

సరే, రాకపోవడం న్యాయమే. డబ్బా సంగతేమిటి మరి? మరిగే బెల్లం పాకంలో ఏ వైరస్సు బతుకుతుంది? తిండిలో వచ్చేది కూడా కాదు ఇది. వద్దనుకుంటే అక్కడే ఎవరికన్నా పెట్టొచ్చు కదా, తిప్పి పంపాలా? అని అంటున్నాను కానీ, 2020లో పాల ప్యాకెట్లు సర్ఫు నీళ్ళలో ముంచి కడిగిన ఇల్లు ఇది. కొత్తిమీర కూడా కడిగాను, సబ్బుతో. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

అయినా తిప్పి పంపకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మారను.

ఇప్పుడే అమ్మ నీళ్ళకి లేచింది. డబ్బాని గబుక్కున మిక్సీ వెనక్కి తోశాను.

"పాప తినిందా?"

"తినిందంట. రెండు."

"రెండేనా? బెల్లం ముదిరిందేమో," అంటూ గోడ పట్టుకుని మెల్లిగా పోయి పడుకుంది.

డబ్బాలో ఇప్పుడు పంతొమ్మిది ఉన్నాయి. బెల్లం ఏం ముదరలేదు.