సొర్లగొంది

నవంబర్ 19, రాత్రి

ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటింది. గొంతు బొంగురుపోయింది. అయినా ఇప్పుడే రాసుకోవాలి, తెల్లారితే సగం మర్చిపోతాను.

పగలంతా మామూలే. పిల్లాడి బాక్సు, ఆఫీసు, మూడింటికి పర్మిషన్ అడిగి బయటపడటం. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, చిక్కడపల్లిలో దిగాను. త్యాగరాయ గానసభలో ఇవాళ మా బృందగానం, దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళ కోసం.

1977లో ఇదే తేదీ, శనివారం. ఉప్పెన ఐదారు మీటర్ల ఎత్తున వచ్చిందనీ, 10,000 మందికి పైగా పోయారనీ లెక్కలు చెబుతాయి. నాన్న దగ్గర ఆ లెక్కలు లేవు. ఆయన పోగొట్టుకున్నది వాళ్ళమ్మని, అంటే మా నాయనమ్మని, మూడేళ్ళ చెల్లెల్ని. అప్పటికి ఆయనకి పదకొండేళ్ళు. తుమ్మచెట్టుని తెల్లారేదాకా వాటేసుకుని ఉన్నానని ఒకే ఒక్కసారి చెప్పాడు. ముళ్ళు దిగిన మచ్చలు ఎడమ మోచేతి లోపలివైపు ఇప్పటికీ ఉన్నాయి, బియ్యపుగింజలంత. చిన్నప్పుడు వాటిని వేలితో తడిమి లెక్కపెట్టేదాన్ని. సముద్రానికి ఇంత దూరంలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉన్నా, గాలి గట్టిగా కొడితే లేచి కిటికీలన్నీ మూసి హాల్లో కుర్చీలో కూర్చుంటాడు. ఇంక పడుకోడు.

అందుకే రిహార్సల్స్ మొదట్లో మాస్టారితో గొడవపడ్డాను. ఆయన కట్టిన పాటలో మగగొంతులు మంద్రంలో గాలిలా మొదలై పైకి లేవాలి, ఆడగొంతులు వాటి మీద విరుచుకుపడాలి. మొదటిసారి పాడినప్పుడు నిజంగానే ఒళ్ళు జలదరించింది. నాకు నచ్చనిది అదే. "ఆ గాలి విన్నవాళ్ళు హాల్లో ఉంటారు మాస్టారూ, దాన్ని మళ్ళీ వినిపించడానికి మనమెవరం?" అన్నాను. గట్టిగానే అన్నాను. రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, ఆ ఎనిమిది ఆవర్తాలూ, అంటే తాళం ఎనిమిది చుట్లూ, కొట్టేసి ఊళ్ళ పేర్లు పెట్టారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, మూలపాలెం, హంసలదీవి. పేరుకీ పేరుకీ మధ్య ఒక ఆవర్తం ఖాళీ. తంబురా ఒక్కటే మోగుతుంటుంది.

పేర్లే కదా అనుకున్నాం. మావాళ్ళలో సగంమంది నల్గొండ, వరంగల్ వాళ్ళు, ఇక్కడే పుట్టినవాళ్ళు. అందరి నోటా "సొర్లగొండి" అనే వస్తోంది. రికార్డింగ్ వినిపిస్తే నాన్న "గొండి కాదమ్మా, గొంది" అని ఊరుకున్నాడు. మర్నాడు అందరికీ చెప్పాను. నా పక్కన పాడే పెద్దావిడ కాగితం మీద 'ది' చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకుంది. ఆవిడ అప్పట్లో కాలేజీ పిల్ల, వరంగల్‌లో ఇల్లిల్లూ తిరిగి పాతబట్టలు, బియ్యం పోగుచేసిందట. "ఎన్టీఆర్, ఏయన్నార్ అంతటివాళ్ళు జోలె పట్టి తిరుగుతుంటే మేం ఇంట్లో కూర్చుంటామా అమ్మా!" అంది.

హాలు ముప్పావువంతు నిండింది. మొదటి రెండు పాటలూ సాఫీగా వెళ్ళిపోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు. మూడోది ఇదే. పేరులో చివరి అక్షరాన్ని సాగదీసి పట్టాలి. అందరం ఒకేసారి ఊపిరి తీసుకుంటే నాదం తెగిపోతుంది. పక్కమనిషి తీసుకునేటప్పుడు నేను పట్టాలి, నేను తీసుకునేటప్పుడు ఆవిడ పట్టాలి. నెలరోజులు సాధన చేసింది ఇదే.

"సొర్ల" అన్నాను. తర్వాత గొంతు రాలేదు. నోరు తెరిచే ఉంది, లోపలి నుంచి ఏమీ లేదు. పెద్దావిడ నా వైపు చూడను కూడా చూడలేదు. చెయ్యి మాత్రం పట్టుకుని, "గొంది" అని నిండుగా అందుకుంది. వెనక వరసల్లోంచీ అదే వచ్చింది, స్పష్టంగా, 'ది' ఎక్కడా జారకుండా. ఆ ఆవర్తం ఖాళీలో ఎవరూ దగ్గను కూడా లేదు. పాలకాయతిప్ప దగ్గర మళ్ళీ కలిశాను.

మా ఊరి పేరు నేను పాడలేకపోయాను. ఎన్నడూ ఆ ఊరు చూడనివాళ్ళు పాడారు. వాళ్ళందరికీ ఎంత రుణపడ్డానో ఇవాళ చెప్పలేకపోయాను, వచ్చేవారం చెప్పాలి.

నాన్న రానన్నాడు, నేను బలవంతపెట్టలేదు. ఇంటికొచ్చేసరికి వంటింట్లో లైటు వేసుకుని కూర్చున్నాడు. నాకు పెరుగన్నం కలిపి, మూత పెట్టి ఉంచాడు.

"గొంది అనే అన్నారా?"

"అందరూ అన్నారు నాన్నా."

"ఇంకే ఊళ్ళు పాడారు?"

వరసగా చెప్పాను. మూలపాలెం అనగానే తలెత్తాడు.

"మీ నాయనమ్మ పుట్టిల్లు అది" అన్నాడు.

నాకు ఇన్నేళ్ళూ తెలీదు. గిన్నె పక్కన పెట్టి, ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్ళని అడిగాను. ఒక్కొక్కరి పేరూ చెప్పాడు.