కనుమ మర్నాటి శాంపిళ్ళు

పలాసలో ఒక చిన్న ల్యాబులో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఏడాది మొత్తంలో మాకు రద్దీ ఎక్కువ ఉండేది కనుమ మర్నాడు. చెన్నై, హైదరాబాద్ పనుల నుంచి పండక్కి వచ్చినవాళ్ళు, మళ్ళీ రైలెక్కేలోపు ఒంట్లో సంగతులన్నీ తేల్చుకుందామని వస్తారు. మగవాళ్ళు షుగర్ చూడమంటారు. ఆడవాళ్ళు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "వేడి చేసిందమ్మా" అంటారు. అంటే మూత్రంలో మంట. అప్పటికే బార్లీ నీళ్ళు, కొబ్బరి నీళ్ళు, మజ్జిగ అన్నీ అయిపోయి ఉంటాయి.

ఈసారి మందస వైపు నుంచి ఒకామె వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. తోడొచ్చిన అత్తగారు రాగానే అడిగింది మూత్రం పరీక్ష కాదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానం మనుషులం కదా, నడుము కాస్త లాగినా ముందు ఆ భయమే. అత్తగారి భర్త డయాలసిస్ మీదే పోయాడట. ఆ జబ్బు మంట పెట్టదు, జ్వరం తేదు, చప్పుడు చెయ్యకుండా వస్తుంది. దానికి కారణం ఇంకా పూర్తిగా తేలనేలేదు. ఈ మంట సంగతి వేరు. చాలావరకు పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రనాళంలోకి చేరడం వల్ల వస్తుంది. ఆడవాళ్ళకి ఆ నాళం 4 సెంటీమీటర్లే, మూత్రాశయం దాకా పోవడానికి దానికి ఎంతోసేపు పట్టదు.

క్రియాటినిన్ 0.8 వచ్చింది. అత్తగారు గోడ మీది క్యాలెండర్లో దేవుడికి దండం పెట్టింది. మూత్రంలో పస్ సెల్స్ (చీము కణాలు) మాత్రం 5 లోపు ఉండాల్సినవి 30 దాటాయి.

"రోజుకి నీళ్ళు ఎన్ని తాగుతావు?"

"పొద్దున్న ఓ గ్లాసు, అన్నం తిన్నాక ఓ గ్లాసు."

"దాహం వెయ్యదా?"

"ఎయ్యకేటి మేడమ్? తాగితే ఎక్కడికెళ్తాం?"

చెన్నైలో ఆమె ఇటుకలు మోసేది ఆరో అంతస్తులో. లిఫ్ట్ ఇంకా పెట్టలేదు. కింద రేకులతో కట్టిన దొడ్డి ఒకటుంది, తలుపుకి గడియ లేదు, పక్కనే మగవాళ్ళు సిమెంటు కలుపుతుంటారు. ఒకసారి దిగి ఎక్కితే మేస్త్రీ మొహం మాడ్చుకుంటాడు. అందుకని పొద్దున్న చీకటుండగా ఒకసారి, మళ్ళీ సాయంత్రం చీకటి పడ్డాక తుమ్మ చెట్ల వెనక.

"నీళ్ళు బాగా తాగండి" అని మా ల్యాబు గోడకి కాగితం అంటించింది నేనే. ఆ మాట అబద్ధం కాదు. తక్కువ తాగే అలవాటున్న ఆడవాళ్ళు రోజూ ఇంకో లీటరున్నర తాగితే మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ రావడం సగానికి తగ్గిందని ఒక పరిశోధనలో తేలింది. కానీ ఆమె ముందు నిలబడి ఆ కాగితం వైపు వేలు చూపించలేకపోయాను. పని జరిగేచోట మరుగుదొడ్లు కట్టాలని భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లోనే చట్టం చేశారు. ఆమెకి చెబితే నవ్వింది.

మా తాతమ్మ 1942లో, యుద్ధం రోజుల్లో, బర్మాలోని రంగం (రంగూన్) నుంచి కాలినడకన తిరిగొచ్చిన వాళ్ళలో ఒకావిడ. ఆ నడక గురించి బాంబుల కథలు మగవాళ్ళు చెప్పేవారు. తాతమ్మ చెప్పింది ఒక్కటే: "పొద్దు గుంకేదాకా బిగబట్టుకుని నడిచినాం గుంటా." చిన్నప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆమె మందులు వాడకుండా ఏం లేదు. చెన్నైలో మందుల షాపువాడు చీటీ లేకుండానే నాలుగు మాత్రలిచ్చాడట. రెండు వేసుకోగానే మంట తగ్గింది. మిగతా రెండూ పక్క గదిలో అమ్మాయికి ఇచ్చేసింది, ఆ అమ్మాయికీ ఇదే బాధ. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. ఇలా సగం సగం వాడితే ఈసారి ఏ మందు పనిచేస్తుందో కల్చర్ చేస్తేగానీ చెప్పలేం. కల్చర్ శాంపిల్ మేం శ్రీకాకుళం పంపిస్తాం. బ్యాక్టీరియా పెరగడానికి ఒక రోజు, ఏ మందుకి లొంగుతుందో చూడటానికి ఇంకో రోజు. మూడో రోజుకి రిపోర్టు.

వాళ్ళ రైలు రెండో రోజు సాయంత్రం.

రిపోర్టు చూసి డాక్టరుగారు మందు మార్చి రాశారు. ఆమె భర్త ఫోనుకి వాట్సాప్ చేశాను. అతనికి ఇంగ్లీషు చదవడం రాదని గుర్తొచ్చి, డాక్టరుగారు రాసింది రాసినట్టు వాయిస్ మెసేజ్‌లో చదివాను. మందు పేరు రెండుసార్లు, ఐదు రోజులూ మానకుండా వాడమని మూడుసార్లు. చలిజ్వరం వచ్చి డొక్కలో నొప్పి మొదలైతే కిడ్నీదాకా పాకినట్టే అనుకొని, మందుల షాపుకి కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళమనీ చెప్పాను. నీలం టిక్కులు రాత్రి పదకొండింటికి పడ్డాయి.

ఇప్పుడు రిజిస్టర్లో పేరు, వయసు పక్కన ఇంకో గడి గీసుకున్నాను. సీసా చేతికిచ్చే ముందే అడుగుతున్నాను, "టికెట్ ఎప్పటికి?" అని.