గివ్‌అవేలో మన రాష్ట్రం లేదు

"అన్నా, మన తెలంగాణోళ్లకు ఇయ్యరంట" అని హన్మకొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ. గేమింగ్ హెడ్‌సెట్ గివ్‌అవే (ఉచితంగా బహుమతి ఇచ్చే ఆన్‌లైన్ పోటీ) అంటే పేజీ ఫాలో అయ్యాడు, పోస్ట్ షేర్ చేశాడు, దోస్తులందరినీ ట్యాగ్ చేశాడు, ఫోన్ నంబర్ కూడా ఇచ్చాడు. చివర్లో అడ్రస్ నింపబోతే రాష్ట్రాల జాబితాలో తమిళనాడు లేదు, తెలంగాణ లేదు. ఈ రాష్ట్రాలకు వర్తించదని కింద సన్నటి అక్షరాల్లో ఒక్క లైను, అంతే.

కారణం లేకపోలేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను రమ్మీతో సహా నిషేధించింది. తమిళనాడులో, సరుకు కొన్నవాళ్లలో డ్రా తీసి బహుమతులిచ్చే ప్రైజ్ స్కీములపై 1979 నుంచే నిషేధ చట్టం ఉంది. అమెరికాలో కూడా బహుమతుల విలువ 5,000 డాలర్లు దాటితే న్యూయార్క్, ఫ్లోరిడాల్లో ఇలాంటి గివ్‌అవేను ముందే రిజిస్టర్ చేయాలి. రమ్మీ అప్పులతో కుటుంబాలు ఆగమైన సంగతి మనకు తెలుసు, ఆ నిషేధం ఉండాల్సిందే. కానీ రూపాయి పెట్టని గివ్‌అవే వేరు కదా! లీగల్ టెన్షన్ ఎందుకని కంపెనీలు రాష్ట్రాన్నే పక్కన పెడుతున్నాయేమో అనిపిస్తుంది.

పెడితే పెట్టనీ. ఆ మాట మొదటి లైన్‌లో చెప్పాలి. పిల్లల నంబర్లు, షేర్లు అన్నీ తీసుకున్నాక చెప్పడం అన్యాయం. తమ్ముళ్లూ, ముందు రూల్స్ లింకు తెరిచి దేశం, రాష్ట్రం, వయసు చూడండి. ఆ తర్వాతే నంబర్ ఇవ్వండి. మావాడి ఫోన్‌కైతే ఆఫర్ మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి.