ఇస్ట్రియా స్వరశ్రేణిని పియానోపైకి తెచ్చుకున్న తొమ్మిది నెలలు

విజయవాడలో చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక గాత్రం, ఆ తరువాత పాశ్చాత్య పద్ధతిలో పియానో నేర్చుకున్న నాకు, కుటుంబంతో క్రొయేషియాలోని రియేకా నగరానికి వచ్చి స్థిరపడ్డాక మళ్లీ గురువు దగ్గర కూర్చునే అవకాశం దొరికింది. స్ప్లిట్ నగరంలో పుట్టిన యాకొవ్ గొతొవాత్స్ 1926లో వాద్యబృందం కోసం రాసిన ‘సింఫొనిక్ కోలో’ను ఒక కచేరీలో విని, ఊరి జనం చేతులు పట్టుకుని వలయంగా ఆడే కోలో నాట్యాన్ని అంత పెద్ద ఆర్కెస్ట్రాలోకి ఎలా తేగలిగాడా అని ఆశ్చర్యపోయాను. అటువంటిదేదైనా పియానో మీద నేర్పించమని మా గురువుగారిని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "కోలో మీకు వెంటనే నచ్చుతుంది, దాని లయ మిమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. ఈ ఊరి చుట్టుపక్కల పాట అలా నడిపించదు, మీరే దాని దగ్గరికి వెళ్లాలి" అని, ఇస్ట్రియా ద్వీపకల్పపు జంట గొంతుల పాట ఒకటి చేతికిచ్చి, దాన్ని రెండు పేజీలకు మించకుండా పియానోకు రాసుకుని రమ్మన్నారు. అది అక్టోబరు నెల. ఆ రెండు పేజీలు పూర్తయ్యేసరికి జూన్ వచ్చింది.

మొదటి ప్రతి నాలుగు రోజుల్లో రాసేశాను. ఒసియెక్‌లో 1834లో పుట్టిన ఫ్రాన్యొ కుహాచ్ ఊరూరా తిరిగి సేకరించి, 1878 నుంచి 1881 వరకు నాలుగు సంపుటాలుగా వెలువరించిన సుమారు 1,600 దక్షిణ స్లావుల జానపద గీతాలకు పియానో సహకారం కూడా తానే సమకూర్చాడు. ఆ సంపుటాలలో కొన్ని పుటలు నేను అంతకుముందే వాయించి ఉన్నాను గనుక అదే దారి పట్టి, కుడిచేతికి పాట, ఎడమచేతికి నిండైన కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, ఇచ్చాను. కుహాచ్ చేసిన సేకరణ ఎంత గొప్పదో నాకు తెలుసు, ఆయన మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే పంతొమ్మిదో శతాబ్దపు ఇంటి పియానోకు సరిపోయే ఆ హార్మొనీ ఈ పాటకు సరిపోదని మా గురువుగారు ఒక్క మాటైనా అనకుండానే నాకు తెలియజెప్పారు. పై గొంతును ఆమె పాడుతూ కింది గొంతు నన్ను పాడమన్నారు. ఇద్దరం చివరికి వచ్చి ఒకే స్వరం మీద కలిసినప్పుడు, నేను రాసిన కార్డులకు అక్కడ చోటే లేదని నాకే అర్థమైంది.

ఆ తరువాత చదువు మొదలుపెట్టాను. ఇస్ట్రియాలోనూ దానికి ఆనుకున్న తీరంలోనూ ద్వీపాలలోనూ ఈ పాటను ‘నా తాంకో ఇ దెబెలో’ అంటారు, అంటే సన్న గొంతు, లావు గొంతు అని. రియేకాకు దగ్గరలోని రొన్య్‌గి అనే చిన్న పల్లెలో 1880లో పుట్టి, పల్లె బడులలో పంతులుగా పనిచేసిన ఇవాన్ మాతెతిచ్ రొన్య్‌గొవ్ ఈ పాటలన్నింటినీ చెవితో విని రాసుకుని, వాటి వెనుక ఉన్న క్రమాన్ని 1925లో ‘ఇస్ట్రియా స్వరశ్రేణి’ అనే పేరుతో ప్రకటించాడు. అందులో స్వరాలు ఆరే, పాశ్చాత్య పేర్లలో: ఈ, ఎఫ్, జి, ఎ-ఫ్లాట్, బి-ఫ్లాట్, సి-ఫ్లాట్. అర్ధస్వరం, పూర్ణస్వరం, మళ్లీ అర్ధస్వరం, పూర్ణస్వరం, చివర అర్ధస్వరం, ఇదీ దాని నడక. 2009లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది ఈ జంట గానాన్నీ, జంట వాద్య సంగీతాన్నీ.

కర్ణాటక సంగీతం చదువుకున్న అలవాటుకొద్దీ నేను దీన్ని మన స్వరాలలోకి మార్చి చూసుకున్నాను. ‘ఈ’ అనే స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే వరుసగా శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం వస్తాయి. రెండు గాంధారాలు పక్కపక్కనే నిలబడే ఈ వరుస డెబ్బై రెండు మేళకర్తలలో దేనిలోనూ ఇమడదు, ఎందుకంటే మేళకర్తలో రిషభం ఒక్కటే, గాంధారం ఒక్కటే. ఈ సంగతి పట్టుకున్న రాత్రి నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే ఒక పొరపాటు కూడా చేశాను. షడ్జం దొరికింది గదా అని ఎడమచేతికి తంబురాలాగా షడ్జ పంచమాల శ్రుతిని నిలబెట్టి రెండో ప్రతి రాశాను. దాన్ని విన్న గురువుగారు, "మీరు ఈ పాట కింద నేల వేశారు. ఈ ఇద్దరి కింద నేల ఉండదు, ఒకరికొకరు ఆసరా అంతే" అన్నారు. నిజమే, ఇక్కడి జంట వాద్యాలలో శ్రుతి పట్టే మూడో వాద్యం లేదు. ఇక్కడి తోలుతిత్తి వాద్యం ‘మిహ్’లో కూడా రెండు స్వరాలూ కదిలేవే తప్ప, ఒకేచోట మోగుతూ ఉండే గొట్టం లేదు. శ్రుతి లేని సంగీతాన్ని వినడానికి నా చెవికి రెండు నెలలు పట్టింది. మొత్తం ప్రయాణంలో అన్నింటికన్నా కష్టమైన భాగం అదేనని నా అభిప్రాయం.

శ్రుతి తీసేసిన తరువాత ఇంకో చిక్కు ఎదురైంది. ఈ స్వరశ్రేణిలో ఒక స్వరాన్ని వదిలి మరొకదాన్ని జతచేస్తూ పోతే, ‘ఈ’తో జి, ఎఫ్‌తో ఎ-ఫ్లాట్, జితో బి-ఫ్లాట్, ఎ-ఫ్లాట్‌తో సి-ఫ్లాట్, ప్రతి జంట మధ్యా మూడు అర్ధస్వరాల దూరమే ఉంటుంది, అంటే మన షడ్జానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఉన్నంత. పల్లెలో ఇద్దరు గాయకులు పాడినప్పుడు ఆ జంటలు గట్టిగా, ధైర్యంగా, పొలం ఈ చివర నుంచి ఆ చివరకు పిలిచినట్టుగా వినిపిస్తాయి. అవే జంటలను, స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా విభజించి శ్రుతి చేసిన పియానో మీద, స్వరాలను ఆగకుండా మోగించే పెడల్ తొక్కి వరుసగా వాయిస్తే, పాత సినిమాల్లో దొంగ గోడ దూకే సన్నివేశానికి వేసే సంగీతంలాగా వినిపించేవి. ఎన్నిసార్లు వాయించినా అదే భయం, అదే చీకటి. పాటలో లేని భావం నా వేళ్ల నుంచి ఎక్కడి నుంచి వస్తోందో తెలియక ఫిబ్రవరిలో రెండు వారాలు పియానో మూతే తీయలేదు.

మార్చిలో ఒక ఆదివారం గురువుగారు నన్ను క్ర్క్ ద్వీపానికి తీసుకెళ్లారు. 1980లో కట్టిన వంతెన ఉంది గనుక రియేకా నుంచి కారులోనే వెళ్లవచ్చు. అక్కడ ఒక ఇంటి పెరట్లో ఇద్దరు వృద్ధులు సొపెలె వాయించి వినిపించారు. సొపెలె అంటే చెక్కతో చేసిన, జంట రీడు ఉన్న ఊదుడు వాద్యం. మన నాదస్వరం జాతిదే, కానీ ఎప్పుడూ జంటగానే మోగుతుంది, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ఇస్ట్రియా వైపు వీటినే రొజెనిత్సె అంటారు. వాయించే ముందు పెద్దాయన రీడును చాలాసేపు నోట్లో ఉంచుకుని తడిపారు. ఆ తరువాత ఇద్దరూ భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడి ఒక్కసారిగా ఎత్తుకున్నారు. ఆ ధ్వని మెల్లగా మొదలై పెరిగేది కాదు, మొదటి క్షణంలోనే దాని పూర్తి బలంతో వచ్చి ఛాతీకి తగిలింది. రెండు స్వరాల మధ్య దూరం పియానో చెప్పే దూరం కాదు, అంతకంటే కాస్త ఇరుకు. ఆ ఇరుకులో ఒక కంపనం పుట్టి, మూడో మనిషెవరో లోపల గుసగుసలాడుతున్నట్టు వినిపించింది. మీ వాద్యాలను దేనికి శ్రుతి చేస్తారని అడిగాను. "దీనికి అది, దానికి ఇది" అని చిన్న సొపెలా పట్టుకున్నాయన నవ్వారు. ఒక జంటను ఒకే చేతితో, ఒకదానికొకటి సరిపోయేలా చెక్కుతారు. పక్క ఊరి జంట ఇంకోలా మోగుతుంది. వాద్యాలు అందుబాటులో లేనప్పుడు ఆ బాణీలను నోటితోనే ‘తా-నా-నా, తా-రా-రా’ అంటూ పాడతారు, దాన్ని తరంకాన్యె అంటారు. ఆ రోజు వారు దాన్ని కూడా పాడారు. తానం పాడుతూ పెరిగిన నా గొంతు అడగకుండానే వారితో కలిసింది.

ఇంటికి వచ్చాక, ఇరుకైన ఆ అంతరాలను పట్టుకోవాలనే తపనతో, ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఒక్కొక్క మెట్టు శ్రుతినీ కొద్దికొద్దిగా తగ్గించి చూశాను. నేను ఫోనులో పట్టుకొచ్చిన ఆ జంటకు అది దాదాపు సరిపోయింది. కానీ గురువుగారి దగ్గరున్న మరో జంట రికార్డింగు పక్కన పెడితే పూర్తిగా తప్పు. ఒక జంట ముఖానికి అచ్చు పోసి, అందరికీ అదే ముఖమనడం నాకు న్యాయంగా తోచలేదు. మెట్లను మళ్లీ యథాస్థానంలో పెట్టేశాను. మెజిముర్యె ప్రాంతంలోని చాకొవెత్స్‌లో 1896లో పుట్టి, బుడాపెస్ట్‌లో స్వరకర్త కొడాయ్ దగ్గర చదివి, 1927లో ఆర్కెస్ట్రా కోసం ‘బాల్కనోఫోనియా’ రాసిన యొసిప్ స్లావెన్స్కిని కూడా ఈ పన్నెండు మెట్ల ఇరుకు వేధించింది. ఆయన 1937లో సహజ స్వరవ్యవస్థ పేరుతో ఒక కృతి రాస్తూ, స్థాయిని యాభై మూడు భాగాలు చేసే ఎన్‌హార్మోనియం అనే వాద్యం కోసం, విద్యుత్తుతో మోగే ట్రౌటోనియంల కోసం సంగీతం కూర్చాడు. అంత సాహసం నాకు సాధ్యమయ్యేది కాదు, నా ముందున్నది మామూలు పియానో. కానీ ఆయన కథ చదివాక, ఇది నా ఒక్కదాని చేతకానితనం కాదు, వాద్యానికీ పాటకూ మధ్య నిజంగానే ఉన్న గోడ అని ధైర్యం వచ్చింది.

ఆ గోడకు తలుపు ఎక్కడుందో చూపించినవి ఇద్దరి రచనలు. మొదటిది మాతెతిచ్ రొన్య్‌గొవ్‌దే. ఆయన ఎక్కువగా పియానోకు కాక గాయక బృందాలకు రాశాడు, ‘రొజెనిత్సె’ అనే రచనలో మనుషుల గొంతులనే ఆ వాద్యాలుగా మోగించాడు. శ్రేణిని అతనే సిద్ధాంతీకరించినా, దాన్ని గొంతుకే వదిలిపెట్టడంలో ఎంత వివేకం ఉందో నాకు అప్పుడు తెలిసింది. రెండోది, గ్లినాలో 1914లో పుట్టిన నాత్కొ దెవ్‌చిచ్ 1946లో ఆర్కెస్ట్రాకు రాసిన ‘ఇస్ట్రియా సూట్’. ఆర్కెస్ట్రాకు ఊపిరి ఉంది. ఓబో కూడా సొపెలెలాగా జంట రీడు వాద్యమే, వయొలిన్ వేలు కాస్త జరిగితే స్వరం జరుగుతుంది. పియానోకు ఆ రెండూ లేవు, మెట్టు నొక్కిన క్షణం నుంచే దాని స్వరం చచ్చిపోవడం మొదలవుతుంది. మన పద్యనాటకాల హార్మోనియం కూడా గమకం పలకదు గానీ కనీసం స్వరాన్ని పట్టి ఉంచుతుంది. అయితే పియానోకు ఉన్నదేమిటి అని ఆలోచిస్తే, సొపెలెకు ఉన్న ఆ మొదటి దెబ్బ బలం దానికీ ఉంది. నేను అంతవరకూ దాన్నే వదిలేసి, మిగతావన్నీ అనుకరించడానికి ప్రయత్నించాను.

ఏప్రిల్ నుంచి మళ్లీ మొదటి నుంచి రాశాను. పెడల్ పూర్తిగా తీసేశాను. పక్కపక్కన ఇరుక్కున్న జంటలను విడదీసి, కింది స్వరాన్ని ఒక స్థాయి పైకి తిప్పాను. అప్పుడు మూడు అర్ధస్వరాల దూరం తొమ్మిది అర్ధస్వరాల దూరమవుతుంది, షడ్జానికీ చతుశ్రుతి ధైవతానికీ మధ్య ఉన్నంత. గాయకులు కూడా పాడేటప్పుడు ఈ రెండు పద్ధతులూ వాడతారు, దగ్గరగా పాడితే చివర ఒకే స్వరంలో కలుస్తారు, దూరంగా పాడితే చివర ఒక స్థాయి దూరానికి తెరుచుకుంటారు. దూరం పెరిగేసరికి ఆ దొంగ సన్నివేశపు చీకటి మాయమైంది. మెల్లగా మొదలుపెట్టి పెంచే అలవాటు మాని, ప్రతి వాక్యాన్నీ మొదటి స్వరం నుంచే నిండు బలంతో ఎత్తుకున్నాను. స్వరం మీదికి పక్క స్వరం నుంచి తటాలున జారే చిన్న తాకిడులను రాసుకున్నాను, అవి ఇరుకు అంతరం ఇచ్చే కంపనానికి కొంత దగ్గరగా వచ్చాయి. లయకు గీతలు తీసేసి, పాడేవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడే కామా పెట్టాను. కార్డు అనేది రెండు పేజీలలో ఒక్కటి కూడా మిగల్లేదు.

ఇక మిగిలింది ముగింపు. అక్కడ మాత్రం రెండు గొంతులూ మళ్లీ దగ్గరగా వచ్చి ఒకే స్వరంలో కలవాలి. కాగితం మీద రెండు తలలను ఒకే గీత మీద రాయడం సులభం. పియానో ముందు కూర్చుంటే మాత్రం కుడిచేతి బొటనవేలు, ఎడమచేతి బొటనవేలు రెండూ ఒకే మెట్టు మీదికి వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఇద్దరు మనుషులు ఒకే స్వరం పాడవచ్చు, రెండు వేళ్లు ఒకే మెట్టును రెండుసార్లు నొక్కలేవు. గురువుగారికి చూపిస్తే, "ఎవరు ఉంటారు, ఎవరు తప్పుకుంటారు, అది మీరే తేల్చుకోవాలి" అన్నారు.

నేను వారం రోజులు రెండు రకాలుగానూ వాయించి చూశాను. కుడిచేయి ఉంటే పాట ముగిసినట్టు ఉంటుంది గానీ, ఒక్క మనిషే మిగిలినట్టు వినిపిస్తుంది. జూన్‌లో గురువుగారి ఇంట్లో ఆమె విద్యార్థులమంతా కలిసి వాయించిన సాయంత్రం, కుడిచేతిని చివరి మెట్టుకు ఒక మెట్టు పైన, అర్ధస్వరం దూరంలో ఆపి, మెల్లగా ఎత్తేశాను. అప్పటికే ఎడమచేతి బొటనవేలు ఆ స్వరాన్ని నొక్కి పట్టుకుని ఉంది. లావు గొంతు ఒక్కటే, తన ధ్వని పూర్తిగా ఆరిపోయేదాకా, అక్కడ నిలబడింది.